'అని' ఒక్కటే, ఇంగ్లీషులో దారులు నాలుగు

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చే కొద్దీ తెలుగు పత్రికల విద్యా పేజీల్లో డైరెక్ట్ స్పీచ్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ పట్టికలు కనబడతాయి. ఒకరి మాటను కొటేషన్ గుర్తుల్లో ఉన్నదున్నట్టు చెప్పడం మొదటిది, దాన్నే మన మాటల్లో చేరవేయడం రెండోది. ఎడమ గడిలో 'నౌ', కుడి గడిలో 'దెన్'. ఎడమన 'విల్', కుడిన 'వుడ్'. ఎడమన 'హియర్', కుడిన 'దేర్'. పిల్లలు ఆ కాగితం కత్తిరించి నోట్సులో అతికించుకుంటారు, వల్లె వేస్తారు, పరీక్షలో 'హీ ఆస్క్‌డ్ మీ దట్ వేర్ వజ్ ఐ గోయింగ్' అని రాసి వస్తారు. పట్టిక చెప్పిన మాటలన్నీ మార్చారు, వాక్యం మాత్రం తప్పు. ఇందులో పిల్లల సోమరితనం ఏమీ లేదు. ఒకరి మాటను ఇంకొకరికి చేరవేయడం వాళ్లకు ఇంట్లోనే వచ్చిన విద్య. ఆ విద్యను పక్కన పెట్టించి పట్టికను చేతికిస్తున్నాం. ఈ పాఠం చెప్పేవాళ్లుగా మేం గమనించినవి, మీ విద్యా పేజీకి పనికొస్తాయనుకున్నవి రాస్తున్నాం.

మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో పొద్దున లేస్తే ఎన్ని మాటలు చేరవేస్తామో చూడండి. 'నాయన సాయంత్రం వస్తానని చెప్పినాడు.' 'అక్క అన్నం తిన్నావా అని అడిగింది.' 'మామ యాడికి పోతా ఉండావని అడిగినాడు.' 'అమ్మ నిన్ను తొందరగా రమ్మని చెప్పింది.' నాలుగింటిలోనూ అతుకు ఒక్కటే, 'అని'. ఇంగ్లీషులోకి పోయేసరికి ఈ ఒక్క 'అని' నాలుగు దారులుగా చీలుతుంది. మొదటిదానికి 'దట్' కావాలి. రెండోదానికి 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ. మూడోదానికి కొత్త మాటే అక్కర్లేదు, ప్రశ్నలో ఉన్న 'వేర్' అతుకు పని కూడా చేస్తుంది. నాలుగోదానికి 'టు'. పిల్లవాడి మనసులో 'అని' అంటే 'దట్' అని ఒక్కసారి పడిపోయింది కాబట్టి నాలుగు చోట్లా 'దట్' పెడతాడు. 'ఆస్క్‌డ్ మీ దట్ వేర్' అక్కడి నుంచే వచ్చింది.

కాబట్టి మొదటి మెట్టు ఇంగ్లీషులో కాదు, తెలుగులో వేయాలి. వాక్యాన్ని తెలుగులో అనుకుని, 'అని' ముందు ఏముందో చూడమనాలి. 'తిన్నావా', 'వచ్చిందా', 'ఉందా' అని దీర్ఘంతో ముగిసే ప్రశ్న అయితే 'ఇఫ్'. లోపల ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎట్లా, ఎన్ని లాంటి మాట ఉంటే దానికి సరిపడే ఇంగ్లీషు ప్రశ్నపదమే అతుకు. 'రమ్మని', 'తినమని', 'కూర్చోమని' ఉంటే 'టు'. 'రావద్దని', 'తినొద్దని' ఉంటే 'నాట్ టు'. 'పోదామని', 'చూద్దామని' ఉంటే 'సజెస్టెడ్' దారి. ఇవేవీ కాక ఉత్త సమాచారమైతే 'దట్'.

ఇందులో ఒక గుంట ఉంది, దాన్ని ముందే చూపించాలి. చివర 'మని' వినబడిందల్లా ఆజ్ఞ కాదు. 'వస్తామని చెప్పారు' అంటే 'వస్తాము' అనే సమాచారం, దానికి 'దట్' కావాలి. 'రమ్మని చెప్పారు' అంటే ఆజ్ఞ, దానికి 'టు' కావాలి. ఇంకా చిక్కైనది 'చేయమని చెప్పారు'. 'చేయండి' అని పురమాయించారా, 'మేము చేయము' అని తెగేసి చెప్పారా? రెండింటికీ తెలుగులో రూపం ఒక్కటే. మొదటిది 'దే టోల్డ్ అజ్ టు డూ ఇట్'. రెండోది 'దే సెడ్ దట్ దే వుడ్ నాట్ డూ ఇట్'. అర్థాలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రాసి అయిదు నిమిషాలు పిల్లల్ని వాదించుకోనిస్తే చాలు, మాట మార్చడానికి ముందు అర్థం ఎందుకు చూడాలో ఇక వేరే చెప్పక్కర్లేదు.

'ఇఫ్', 'వెదర్' ఏది రాసినా మామూలు వాక్యంలో తప్పులేదు. చివర 'ఆర్ నాట్' వస్తే 'వెదర్' మేలు. అయితే అది రాసేటప్పుడు వాతావరణం అనే అర్థమిచ్చే 'వెదర్' స్పెల్లింగు పడిపోతుంటుంది. వినడానికి రెండూ ఒకటే కావడంతో రాసినవాళ్లకు తప్పని తోచదు.

ఇక ప్రశ్నల సంగతి. మార్కులు ఎక్కువగా జారేది ఇక్కడే. తెలుగులో ప్రశ్న అడిగినా, దాన్ని చేరవేసినా మాటల వరుస మారదు. ఇంగ్లీషులో ప్రశ్న అడగాలంటే వరుస తిరగబడుతుంది, చేరవేసేటప్పుడు మళ్లీ మామూలు వరుసకు వస్తుంది. అంటే చేరవేసిన ప్రశ్న తెలుగు పద్ధతికి దగ్గరైనదే. పిల్లలకు దీన్ని కొత్త కష్టంగా కాక, పాత అలవాటుకు తిరిగి రావడంగా చెప్పాలి.

ఒక వాక్యాన్ని మెట్టు మెట్టుగా చూద్దాం. మదర్ సెడ్ టు మీ, 'వేర్ డిడ్ యూ కీప్ ది కీ?' ముందు కొటేషన్ గుర్తులు, కామా, ప్రశ్నార్థకం తీసేయాలి. అడిగింది కాబట్టి 'సెడ్ టు' పోయి 'ఆస్క్‌డ్' వస్తుంది. 'వేర్' ఉన్నచోటే ఉంటుంది. 'యూ' అంటే వినేది నేను, కాబట్టి 'ఐ'. ఇప్పుడు 'డిడ్'. దీన్ని ఊరికే కొట్టేస్తే సరిపోదు. 'డిడ్' భుజాన ఒక మూట ఉంది, భూతకాలం. 'డిడ్' పోయేటప్పుడు ఆ మూటను అసలు క్రియకు అప్పగించి పోతుంది. 'కీప్' 'కెప్ట్' అవుతుంది. మాట చేరవేస్తున్నాం కాబట్టి కాలం ఇంకో మెట్టు వెనక్కి, 'హ్యాడ్ కెప్ట్'. చివరికి 'మదర్ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ హ్యాడ్ కెప్ట్ ది కీ.' చివర ఫుల్‌స్టాప్, ప్రశ్నార్థకం కాదు.

ఇందులో తప్పులు మూడు చోట్ల పడతాయి. 'వేర్ డిడ్ ఐ కెప్ట్' అని రాస్తే 'డిడ్' పోలేదు, మూట ఇద్దరి దగ్గరా ఉంది. 'వేర్ ఐ డిడ్ కీప్' అంటే వరుస మారింది, మూట మాత్రం ఇంకా 'డిడ్' దగ్గరే ఉంది. 'వేర్ హ్యాడ్ ఐ కెప్ట్' అంటే కాలం సరే, వరుస ఇంకా ప్రశ్నలాగే ఉంది. ఏ తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందో పేపరు మీద గుర్తు పెట్టి ఇస్తే పిల్లలు రెండు మూడు సార్లలో దారిలో పడతారు. అడ్డగీత కొట్టి సున్నా వేస్తే పడరు. 'డూ', 'డజ్' ఉంటే మూట తేలిక: 'వేర్ డూ యూ లివ్?' అన్నది 'వేర్ ఐ లివ్డ్' అవుతుంది, 'హ్యాడ్' అక్కర్లేదు. 'హూ బ్రోక్ ది గ్లాస్?' లాంటి ప్రశ్నలో 'హూ' అన్నదే కర్త. వరుస తిరగబడలేదు కాబట్టి సరిచేసేదీ లేదు, 'హూ హ్యాడ్ బ్రోకెన్ ది గ్లాస్' చాలు.

'టోల్డ్ టు మీ' అన్న తప్పు మన జిల్లాల్లో పాతుకుపోయింది. కారణం మన విభక్తే. 'నాకు చెప్పాడు', 'నాతో అన్నాడు' అంటాం. ఆ 'కు', ఆ 'తో' ఇంగ్లీషులో 'టు'గా దిగుతాయి. 'సెడ్' వెంట మనిషి రావాలంటే 'టు' కావాలి, 'టోల్డ్' వెంట 'టు' ఉండకూడదు, 'ఆస్క్‌డ్' వెంటా ఉండకూడదు. 'ఎక్స్‌ప్లెయిన్డ్' వెంట మళ్లీ ఉండాలి, 'ఎక్స్‌ప్లెయిన్డ్ మీ' తప్పు. 'అడ్వైజ్డ్ మీ టు గో' ఒప్పు, 'సజెస్టెడ్ మీ టు గో' తప్పు. 'సజెస్టెడ్ దట్ ఐ షుడ్ గో' అనాలి. ఈ క్రియలు ఒక్కొక్కదాని నడత ఒక్కో తీరు, సూత్రానికి లొంగవు. వాక్యంతో సహా వాడి వాడి అలవాటు చేయాల్సిందే. మోడల్ జవాబుల్లోనే 'సజెస్టెడ్ హిమ్ టు' అచ్చయితే ఇక పిల్లల్ని ఏమనగలం?

ఇప్పుడు అసలు తేడాకు వద్దాం. 'వస్తానన్నాడు' అన్న మాటలో 'వస్తాను' ఉంది. మాట్లాడింది అతను, చేరవేసేది నేను, అయినా క్రియ చివర ఉన్నది అతని 'ను'. కాలం కూడా అతను మాట్లాడిన క్షణానిదే. తెలుగు ఆ మాటను మాట్లాడినవాడి పక్కనే నిలబడి చెబుతుంది. ఇంగ్లీషు దాన్ని చేరవేసేవాడి దగ్గరికి లాక్కుని వచ్చి చెబుతుంది. కాలం, మనిషి, చోటు, రోజు, అన్నీ చేరవేసేవాడు ఎక్కడ, ఎప్పుడు నిలబడ్డాడో దాన్నిబట్టి మారతాయి. పట్టికలోని గడులన్నీ ఈ ఒక్క సంగతిలోంచి పుట్టినవే. ఈ సంగతి చెప్పకుండా గడులు ఇస్తే, ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు మార్చకూడదో పిల్లలకు తెలిసే దారే లేదు.

మనుషుల మార్పుకు గైడ్లలో ఎస్, ఓ, ఎన్ అని ఒక చిట్కా ఉంటుంది: ఫస్ట్ పర్సన్ ('ఐ', 'వి') మాట్లాడిన కర్తను (సబ్జెక్ట్) బట్టి, సెకండ్ పర్సన్ ('యూ') వినేవారిని (ఆబ్జెక్ట్) బట్టి మారతాయి, థర్డ్ పర్సన్ ('హీ', 'షీ', 'దే') మారదు (నో చేంజ్). చిట్కా మంచిదే. కానీ 'హీ సెడ్, యూ ఆర్ లేట్' అన్న వాక్యంలో వినేవారెవరో లేదు. 'ఐ' రాయాలా, 'దే' రాయాలా? సందర్భం ఇవ్వకుండా ఈ ప్రశ్న అడగడమే తప్పు. అడిగితే రెండు జవాబులకూ మార్కు ఇవ్వాలి. అదే లత సెడ్ టు మీ, 'యూ హ్యావ్ లెఫ్ట్ యువర్ అంబ్రెల్లా ఇన్ అవర్ హౌస్' అంటే ఏ సందేహం లేదు. 'లత టోల్డ్ మీ దట్ ఐ హ్యాడ్ లెఫ్ట్ మై అంబ్రెల్లా ఇన్ దెయిర్ హౌస్.' ఇది తెలుగులో ఏ పిల్లయినా 'నా గొడుగు వాళ్లింట్లో మరిచిపోయినానని లత చెప్పింది' అంటుంది. 'నీ' 'నా' అయింది, 'మా' 'వాళ్ల' అయింది, ఎవరూ నేర్పలేదు.

పైగా తెలుగు పాఠంలో ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం ఉన్నాయి. 'నేను' 'తాను' అవుతుంది, 'మా' 'తమ' అవుతుంది అని తెలుగు పీరియడ్‌లో చెబుతారు. తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లీషు టీచరు అదే సంగతిని మొదటి నుంచి కొత్తగా ఎత్తుకుంటారు. ఇద్దరూ ఒక్క రోజు కలిసి పాఠం చెప్పినా ఎంతో భారం తగ్గుతుంది. తేడాలూ అప్పుడే బయటపడతాయి. 'వస్తానన్నాడు' అంటే అన్నవాడే వస్తాడు, 'వస్తాడన్నాడు' అంటే వచ్చేది ఇంకొకడు. ఒక్క అక్షరంతో తెలుగు తేల్చిపారేసే ఈ సంగతిని ఇంగ్లీషు 'హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్' అని రెండింటికీ ఒకే వాక్యంతో సరిపెడుతుంది. అనుమానం వచ్చేచోట ఇంగ్లీషులో పేరే రాయాలని పిల్లలకు చెప్పాలి.

చోటు, రోజు మార్చడంలో పట్టికలు చేసే చెరుపు ఎక్కువ. తిరుపతి బస్టాండులో నిలబడి ఒకాయన 'తిరుమల బస్సు ఇక్కడికే వస్తుంది' అన్నాడు. నిమిషం తర్వాత అదే చోట ఉన్న ఇంకొకరికి ఆ మాట చెబితే 'హియర్' 'హియర్'గానే ఉంటుంది. మర్నాడు చిత్తూరులో కూర్చుని చెబితే 'దేర్' అవుతుంది, 'కమ్' 'గో' అవుతుంది. 'ఈడ' ఎప్పుడు 'ఆడ' అవుతుందో మనవాళ్లకు చెప్పాలా? అలాగే 'టుమారో'. అదే రోజు చేరవేస్తే రేపు రేపే. వారం తర్వాత చేరవేస్తే 'ది నెక్స్ట్ డే'. పరీక్ష వాక్యానికి చోటూ రోజూ ఉండవు కాబట్టి అక్కడ అన్నీ మార్చి రాయడం రివాజు. అది పరీక్ష రివాజు అని పిల్లలకు చెప్పి మరీ నేర్పాలి.

నిజానికి ఈ పాఠం ప్రతి రాత్రీ మీ డెస్కు మీదే జరుగుతోంది. బుధవారం విలేకరులతో ఒక అధికారి 'రేపు ఈ కౌంటర్ తెరుస్తాం' అంటారు. గురువారం పొద్దున పేపర్లో 'రేపు' అనే అచ్చేస్తే పాఠకుడు శుక్రవారం వెళ్లి నిలబడతాడు. అందుకే మీ సబ్ ఎడిటర్ దాన్ని 'గురువారం ఆ కౌంటర్ తెరుస్తామని అధికారి తెలిపారు' అని మారుస్తారు. పట్టికలోని 'ది నెక్స్ట్ డే' కన్నా ఇది ఎంత స్పష్టంగా ఉంది! క్రియలూ అంతే. వార్తల్లో అందరూ 'అన్నారు' అనే అనరు. హెచ్చరించారు, ఆదేశించారు, విజ్ఞప్తి చేశారు, ఆరోపించారు, సలహా ఇచ్చారు. వీటి పక్కన వరుసగా 'వార్న్‌డ్', 'ఆర్డర్డ్', 'రిక్వెస్టెడ్', 'అలెజ్డ్', 'అడ్వైజ్డ్' పెట్టి చూడండి. ఇంగ్లీషు పాఠంలో రిపోర్టింగ్ వెర్బ్ అని భయపెట్టేది ఇదే. ఒక రోజు జిల్లా పేజీ చేతికిచ్చి, ఈ క్రియల కింద గీత గీయమంటే పిల్లలకు ఒక పీరియడుకు సరిపడా పని దొరుకుతుంది.

ఈ క్రియల్లో రెండింటి దగ్గర తెలుగు మనల్ని పక్కదారి పట్టిస్తుంది. 'తాను తీసుకోలేదని బుకాయించాడు' అంటాం. 'లేదు' ఉంది, 'బుకాయించాడు' కూడా ఉంది. ఇంగ్లీషు 'డినైడ్'లో ఆ 'లేదు' ముందే కలిసిపోయి ఉంది. కాబట్టి 'డినైడ్ దట్ హీ హ్యాడ్ టేకెన్ ఇట్' అనాలి. 'హ్యాడ్ నాట్ టేకెన్' రాస్తే తీసుకున్నానని ఒప్పుకున్నట్టు. 'ఫర్‌బేడ్' కూడా అంతే. వద్దు అన్న అర్థం దానిలోనే ఉంది కాబట్టి 'ఫర్‌బేడ్ మీ టు గో' చాలు, 'నాట్' చేర్చకూడదు. 'ప్లీజ్' ఉన్న వాక్యంలో 'రిక్వెస్టెడ్' వచ్చాక 'ప్లీజ్' తీసేయాలి. 'ఆహా', 'అయ్యో' వాక్యాలకు 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్', 'విత్ సారో' అన్న రెండు మూడు రూపాలు తెలిస్తే సరిపోతుంది, వాటి మీద రోజులు పోయనక్కర్లేదు.

కాలం మార్చకూడని చోట్లు పట్టికల అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. వాటినే ముందు చెప్పాలి. రిపోర్టింగ్ వెర్బ్ 'సేస్' గానీ 'విల్ సే' గానీ అయితే చేరవేసే మాటలో కాలం కదలదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నది ఎప్పుడు చెప్పినా 'రైజెస్'. చరిత్రలో స్థిరపడిన సంగతులకు 'హ్యాడ్' తగిలించనక్కర్లేదు: 'ది టీచర్ సెడ్ దట్ సి.ఆర్. రెడ్డి వజ్ బార్న్ ఇన్ కట్టమంచి ఇన్ 1880.' తిరుపతి జిల్లా 2022లో ఏర్పడిందన్న వాక్యానికీ ఇదే. సంవత్సరమే కాలాన్ని పట్టి నిలబెట్టింది కాబట్టి ఇంకో మెట్టు వెనక్కి తొయ్యాల్సిన పని లేదు. 'ఇఫ్ ఐ వర్ యూ' లాంటి ఊహ మారదు. 'వుడ్', 'కుడ్', 'షుడ్', 'మైట్' మారవు. 'మస్ట్' మాత్రం చూసి మార్చాలి. 'ఐ మస్ట్ గో' అన్న అవసరమైతే 'హ్యాడ్ టు గో'. 'హీ మస్ట్ బీ టైర్డ్' అన్న అంచనా అయితే 'మస్ట్' అలాగే ఉంటుంది. పట్టిక చూసి 'హ్యాడ్ టు బీ టైర్డ్' అని రాస్తే అలసిపోవడం అతని విధి అన్న అర్థం వస్తుంది.

'మై హౌస్ ఈజ్ ఇన్ చిత్తూర్' అని గంట క్రితం చెప్పిన మాట ఇంకో రకం. ఇల్లు ఇప్పటికీ అక్కడే ఉంది. 'హీ సెడ్ దట్ హిజ్ హౌస్ ఈజ్ ఇన్ చిత్తూర్' అన్నా ఇంగ్లీషు తప్పు పట్టదు, 'వజ్' అన్నా పట్టదు. జవాబుపత్రాలు దిద్దేవాళ్లు 'ఈజ్' రాసిన పిల్లకు మార్కు కొయ్యడం న్యాయం కాదు.

మీకు మా మనవి ఇదీ. ఈసారి విద్యా పేజీలో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ ఇచ్చేటప్పుడు పట్టికను సగానికి తగ్గించండి. మిగిలిన చోట్లో 'అని' ముందు ఏముందో చూసే పద్ధతి ఇవ్వండి, ఆ రోజు మీ జిల్లా పేజీలోని అయిదు వాక్యాలు తీసుకుని తెలుగు పక్కన ఇంగ్లీషు వేయండి. ప్రతి వాక్యానికీ ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఏ రోజు అన్నారో ఒక్క ముక్క రాయండి. రెండు జవాబులు సరైనవైతే రెండూ అచ్చేయండి. తప్పు జవాబును కూడా ఒకటి పెట్టి, ఏ మెట్టు దగ్గర జారిందో చూపండి. పేజీకి వెళ్లే ముందు వాక్యాలు చూసిపెట్టమంటే మాలో ఎవరమైనా చూసిపెడతాం.

ఇట్లు,
కొందరు హైస్కూలు ఇంగ్లీషు ఉపాధ్యాయులు,
తిరుపతి